ఫ్రెంచి ఊళ్ళో దింపుడు కల్లం

మా అల్లుడు ఆఫీసు పని మీద ఫ్రాన్సు వెళ్ళి వస్తూ ఒక రేకు డబ్బా నిండా బిస్కెట్లు తెచ్చాడు. బిస్కెట్లు ఒక్క పూటలో అయిపోయాయి. డబ్బా మాత్రం, పెన్సిళ్ళు పెట్టుకోవడానికని, నా బల్ల మీదికి వచ్చింది. మూత తీసినప్పుడల్లా ఇంకా వెన్న వాసన కొడుతుంది. మూత మీద ఒక చిన్న ఊరి బొమ్మ ఉంది. కొండ వాలున రాతి ఇళ్ళు, పలకరాళ్ళ కప్పులు, మధ్యలో చర్చి గంట గోపురం, వంపు తిరుగుతూ కిందికి దిగే బాట, కిటికీల్లో ఎర్రపూలు.

నేను భూతద్దం పట్టుకుని ఆ బొమ్మ చూస్తుంటే మనవరాలు వచ్చి కుర్చీ చేతి మీద కూర్చుంది.

"ఏం వెతుకుతున్నావు తాతయ్యా?"

"పొయ్యి."

"ఏం పొయ్యి?"

"ఊరందరికీ కలిపి ఒకటే రొట్టెల పొయ్యి ఉంటుంది. చర్చికి ఎడమ పక్కన ఉండాలి. కనబడటం లేదు."

"నువ్వు ఈ ఊరు వెళ్ళావా?"

"లేదు."

"మరి నీకెలా తెలుసు?"

సమాధానం చెప్పడానికి ముందు సంగతుల్ని వరసలో పెట్టుకోవడం నాకు అలవాటు. వరసలో పెడితే గానీ నాకేదీ అర్థం కాదు. ఈ ఒక్క సంగతి మాత్రం ఎన్నిసార్లు వరసలో పెట్టినా అర్థం కాలేదు. ఆ పిల్ల కాసేపు చూసి, పెన్సిలు తీసుకుని వెళ్ళిపోయింది.

నేను పుట్టి పెరిగింది రైల్వే క్వార్టర్లలో. నాన్నకు బదిలీ అయినప్పుడల్లా స్టేషను పేరు మారేది గానీ ఇల్లు మారేది కాదు. అదే వరండా, అదే వంటింటి గూడు, అదే మూలన బొగ్గుల తొట్టి, తలుపు తీస్తే అదే కిర్రుమనే చప్పుడు. ఒక క్వార్టరులో చీకట్లో నడవడం నేర్చుకున్న పిల్లవాడు అన్నింటిలోనూ నడవగలడు. అందుకే "మీదే ఊరు?" అని ఎవరైనా అడిగితే నాన్న అప్పుడు పనిచేస్తున్న స్టేషను పేరు చెప్పేవాడిని.

పాలిటెక్నిక్ పూర్తి చేసి డ్రాఫ్ట్స్‌మన్‌గా ఒమాన్ వెళ్ళాక అందరూ మొదట అడిగేది ఆ ప్రశ్నే. అప్పటికి ఆ దేశం రోడ్లు వేసుకోవడం మొదలుపెట్టి ఎంతో కాలం కాలేదు. మా కంపెనీ కొండలు తొలిచి రోడ్డు వేస్తోంది. నా డ్యూటీ ఆఫీసులో, నక్షాలు గీయడం. మకాం హమ్రియా అనే పేటలో, ఒక ఇరుకు సందులోని రూమ్‌లో. ఇనుప మంచాలు, వాటి కింద ట్రంకు పెట్టెలు, ఒక మూల కిరోసిన్ స్టవ్వు, దండెం మీద ఎప్పుడూ ఆరీ ఆరని బనియన్లు. రూమ్‌లో నన్ను కొంచెం దూరంగా పెట్టేవారు, చదువుకున్నవాడినని. పెట్టనివాళ్ళు ఇద్దరు. ఒకరు రాతిపని మేస్త్రి, గోదావరి ఒడ్డు నుంచి వచ్చిన ఉత్తర తెలంగాణ మనిషి, నాకు తండ్రి వయసువాడు. రెండోవాడు హైదరాబాదు నుంచి వచ్చిన డ్రైవరు. అందరం భాయ్ అనేవాళ్ళం. ఖట్టీ దాల్ అతని చేతిలో అమృతం. పొరపాటున ఎవరైనా స్టవ్వు ముట్టుకుంటే మాత్రం రూమ్ ఎగిరిపోయేలా అరిచేవాడు.

మా రూమ్ గోడకు అవతలే రొట్టెల భట్టీ ఉండేది. శుక్రవారం సెలవు రోజు పొద్దున్నే ఆ వాసనకే మెలకువ వచ్చేది. కాలిన గోధుమ పిండి, నువ్వులు, పొగ.

ఆ భట్టీ దగ్గరికి ప్రతి శుక్రవారం మా కంపెనీ పెద్ద సర్వేయరు వచ్చేవాడు. ఆయన ఫ్రెంచివాడు. కంపెనీ ఆయనకు సముద్రం పక్కన ఇల్లిచ్చింది, వంటవాడిని ఇచ్చింది. అయినా వచ్చి ఒక రొట్టె కొనుక్కుని, సందులోనే నిలబడి, ముందుగా అంచు విరిచి నోట్లో వేసుకుని కళ్ళు మూసుకునేవాడు. పనివాళ్ళు ఆయనకు ఫ్రెంచి తాత అని పేరు పెట్టారు.

ఒక శుక్రవారం మేస్త్రి గడపలో కూర్చుని చూసి చూసి నాతో అన్నాడు.

"తమ్మీ, గా తాతను లోపటికి పిలువు. సందుల నిలవడి తింటుండు. మన ఇజ్జత్ ఏంగావాలె?"

"ఆయన మా ఆఫీసులో పెద్దసారు, అన్నా."

"పెద్దసారైతే ఆకలి గాదా?"

పిలిచాను. వచ్చాడు. మేస్త్రి తన మంచం దులిపి కూర్చోబెట్టాడు. భాయ్ పాలు లేని టీ పెట్టాడు. ఆ టీలో రొట్టె ముంచుకుంటూ ఆయన తన ఇంగ్లీషులో చెప్పడం మొదలుపెట్టాడు, నేను తెలుగులోకి మార్చాను. వాళ్ళ ఊళ్ళో ఇళ్ళలో పొయ్యిలు ఉన్నా రొట్టె కాల్చేది ఊరి పొయ్యిలోనేనట. వంతుల ప్రకారం. ఆ వాసన ఇక్కడ దొరికిందట. ఆ ఊరు ఇప్పుడు లేదట. నది మీద ఆనకట్ట కట్టారు. ఇళ్ళన్నీ పడగొట్టించి, చర్చి గంట పైకి మోసుకెళ్ళి, నీళ్ళు వదిలారు.

నేను ఆ మాట తెలుగులో చెప్పేసరికి మేస్త్రి చేతిలో గ్లాసు కింద పెట్టాడు.

"ఏం ప్రాజెక్టో అడుగు."

అడిగాను. ఆయన ఏదో పేరు చెప్పాడు.

"మాది గూడ గట్లనే. గోదారి మీద ప్రాజెక్టుల వోయింది. ఎండకాలం నీళ్ళు దిగితె మా గుడి గోడ కనవడతది. గాయనకు కనవడతదా?"

"కనబడదట. చాలా లోతట."

మేస్త్రి, భాయ్ దాచుకున్న బెల్లం ముక్క అడక్కుండానే తీసి తాత చేతిలో పెట్టాడు.

ఆ రోజే తాత తన అవసరం చెప్పాడు. ఆయన తల్లి బతికే ఉంది. ఒక పట్నంలో, సన్యాసినులు నడిపే వృద్ధాశ్రమంలో. జ్ఞాపకం పోతోంది. రోజూ సాయంత్రం కోటు వేసుకుని తలుపు దగ్గర నిలబడుతుంది. "ఇంటికి తీసుకెళ్ళు" అంటుంది. ఫోటోలు చూపిస్తే పక్కకు తోసేస్తుంది. నక్షా అయితే వేలు పెట్టి నడవొచ్చు కదా అని ఆయన ఆశ. ఎండలు ముదిరేలోగా సెలవు మీద వెళ్తాడు. ఈసారి వెళ్ళేసరికి ఆమె తనను కూడా గుర్తుపట్టకపోవచ్చు. ఆయన చెప్తాడు, నేను గీయాలి. సొంతంగా గీయడానికి చెయ్యి వణుకుతోంది.

అలా మొదలైంది. రూమ్‌కు ఊడిపోయిన పాత తలుపు ఒకటి ఉండేది. దాన్ని రెండు డబ్బాల మీద పరిచి బల్ల చేశాను. ఆఫీసు నుంచి ట్రేసింగ్ కాగితం, సెట్‌స్క్వేర్లు, ఇండియన్ ఇంకు, తప్పులు గీకడానికి బ్లేడు తెచ్చాను. చెమట పడితే ట్రేసింగ్ కాగితం ముడతలు పడుతుంది కాబట్టి ముంజేతి కింద తువ్వాలు. అంతా సిద్ధం. భాయ్ లోపలికి వచ్చి చూసి నెత్తిన చేతులు పెట్టుకున్నాడు.

"అరె మియా! యే తో మేరా చావల్ చున్నే కా తఖ్తా హై! అబ్ మై చావల్ కిధర్ చునూ, తేరే సర్ పో?"

బియ్యం ఏరుకునే చెక్క పోయినందుకు వారం రోజులు మాకు దాల్‌లో ఉప్పు తగ్గించాడు.

చిక్కు కొలతల దగ్గర వచ్చింది. తాత జీవితమంతా దేశాలు కొలిచిన మనిషి, సొంత ఊరిని ఎప్పుడూ కొలవలేదు. పొయ్యి నుంచి బట్టలుతికే చోటికి ఎంత దూరం అంటే చేతులు చాచి చూపిస్తాడు. చివరికి ఆయనకు గుర్తున్నది ఒక్క రొట్టె. చిన్నప్పుడు రొట్టె ఇంటికి మోసుకెళ్ళే పని ఆయనదే. పొయ్యి దగ్గర చేతులు కాలేవి. ఉతికే చోటు దాటాక చంకలో పెట్టుకునేంతగా చల్లారేది. చర్చి మలుపులో అంచు విరిచి తినేవాడు. ఇల్లు చేరేసరికి రొట్టెకు ఒక మూల ఉండేది కాదు, వీపు మీద అమ్మ చెయ్యి పడేది.

"గంతే గదా! నడుసుకుంట వోయి సూద్దాం" అన్నాడు మేస్త్రి.

ముగ్గురం భట్టీకి వెళ్ళాం. వేడివేడి రొట్టె మేస్త్రి రెండు చేతుల్లో. ఆయన "అబ్బబ్బ" అనుకుంటూ హమ్రియా సందుల్లో నడుస్తుంటే వెనక నేను టేపు పట్టుకుని, నా వెనక తాత. ఎక్కడ చంకలో పెట్టుకుంటే అక్కడ ఒక గుర్తు. ఎక్కడ విరుచుకుంటే అక్కడ ఒక గుర్తు. కొట్ల ముందు కూర్చున్న ముసలివాళ్ళు కాఫీ గిన్నెలు పక్కన పెట్టి మరీ చూశారు.

"ఇక్కడ గాలి వేడి, రొట్టె ఆలస్యంగా చల్లారుతుంది. కొలత తగ్గించాలి" అన్నాను.

తాత ఆలోచించి, "ఇక్కడి రొట్టె పలచన, తొందరగా చల్లారుతుంది. రెండు తప్పులూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి" అన్నాడు.

ఇలాంటి లెక్క నా పాలిటెక్నిక్‌లో ఎవరూ చెప్పలేదు. వేరే దారి లేక రాసుకున్నాను.

ఇక మేస్త్రి ప్రశ్నలు మొదలయ్యాయి. ఉతికే చోట ఆడవాళ్ళు గడ్డి వేసిన చెక్క పెట్టెలో మోకాళ్ళ మీద కూర్చుని ఉతికేవారని తాత చెప్తే, మేస్త్రి పగలబడి నవ్వాడు.

"మోకాళ్ళ మీద ఉతుకుడా? దేవునికి మొక్కుతుండ్రా, బట్టలుతుకుతుండ్రా? బండ లేదా?"

తాత కళ్ళు మూసుకుని, "బండ... ఉండే ఉంటుంది" అన్నాడు. గీశాను.

కల్లు దుకాణం ఎక్కడ? కల్లు లేదు, ద్రాక్షసారా ఉంది. అది ఎక్కడ? చర్చికి ఎదురుగా. "గుడికి ఎదురుంగనా? మంచిగున్నది." మేస్త్రి తన చిన్నప్పుడు తండ్రికి ఈతచెట్ల నుంచి కల్లు తెస్తూ మలుపు మలుపుకూ ఒక గుక్క తాగి, తగ్గినంత నీళ్ళు కలిపేవాడట. ఈ మాట అనువదించగానే తాత మేస్త్రి చెయ్యి పట్టుకుని ఊపేశాడు. ఆయనా ద్రాక్షసారాకు అదే చేశాడట. అక్కడి నుంచి ఇద్దరికీ నా అవసరం తగ్గింది. మేస్త్రి తెలుగులో చెప్పేవాడు, తాత ఫ్రెంచిలో తలూపేవాడు. పశువుల తొట్టి గీయించారు. గొల్లవాళ్ళ మంద ఆగే చోటు గీయించారు. పక్కన అంకెలు వేసి, ఏ అంకె దేనిదో అంచున రాసుకుంటూ పోయాను. అందులో ఏది ఏ ఊరిదో వేరుగా రాయాలన్న ఆలోచన మాత్రం నాకు రాలేదు.

సెలవు దగ్గరపడింది. నాకు భయం పట్టుకుంది, ఎందుకంటే గీత కలవడం లేదు. పొయ్యి దగ్గర బయలుదేరి, ఉతికే చోటు, చర్చి, ఇల్లు, సమాధుల తోట చుట్టి వస్తే మళ్ళీ పొయ్యి దగ్గరికే రావాలి. నా గీత పొయ్యి దాటి పొలాల్లోకి వెళ్ళిపోతోంది. గీకి మళ్ళీ గీశాను. ఇంకా దూరం పోయింది. తాత మొహం చూడలేకపోయాను. అలాంటి నక్షా తల్లి ముందు పెడితే ఆమె వేలు దారి తప్పుతుంది.

మేస్త్రి పక్కన గొంతుక్కూర్చుని బీడీ కాలుస్తూ చర్చి నుంచి సమాధుల తోటకు పోయే బాట మీద వేలు పెట్టాడు.

"పీనుగను ఏడ దించుతరు?"

అడిగాను. "సమాధుల తోటలో" అన్నాడు తాత.

"గది గాదు తమ్మీ. నడిమిట్ల. దింపుడు కల్లం ఏడున్నది?"

దింపుడు కల్లం ఆశ అనే మాట నేను నాన్న నోట చాలాసార్లు విన్నాను. పరీక్ష తప్పినవాడు మళ్ళీ లిస్టు చూసుకుంటుంటే అనేవాడు. అది నేల మీద నిజంగా ఉండే ఒక చోటని మాత్రం నాకు అప్పుడే తెలిసింది. మేస్త్రి చెప్పాడు, నేను మార్చాను. పాడెను శ్మశానానికి తీసుకెళ్తూ దారి మధ్యలో ఒకచోట దింపుతారు. అయినవాళ్ళు చెవి దగ్గర నోరు పెట్టి మూడుసార్లు పిలుస్తారు. లేస్తాడేమోనని. లేవకపోతే ఎత్తుకుని ముందుకు పోతారు.

"ఎవరు పిలుస్తారు?" అని అడిగాడు తాత.

"కొడుకు. ఆడోళ్ళు ఇంటికాడనే ఆగిపోతరు." మేస్త్రి బీడీ ఆర్పాడు. "మా ఊల్లె మర్రిచెట్టు దాటినంక పెద్ద బండ ఉండె. మా తాతను ఆడనే దించిండ్రు. ఊరు మునిగినంక కొత్త కాలనిల మా నాయిన వోయిండు. ఆడ కల్లం ఏడిది? అంతా ఒక్క తీరుగ గీసిన ఇండ్లు. రోడ్డు మీదనే దించినం. రెండుసార్లు పిలిచిన. ఎనుకకెల్లి లారోడు ఒకటే హారన్. మూడోసారి పిలువనియ్యలె."

భాయ్ స్టవ్వు మంట తగ్గించాడు.

నేను ఇంగ్లీషులో చెప్పడం పూర్తి చేశాక తాత కాగితం మీదికి వంగి చూశాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు.

"ఆ బాటలో ఒక రాయి ఉండేది. బల్లపరుపుగా. నేను దాని మీద కూర్చుని రొట్టె అంచు తినేవాడిని. అమ్మ ఎప్పుడు చూసినా దాని మీద కూర్చోవద్దని తిట్టేది. ఎందుకో చెప్పేది కాదు." ఆగి నన్ను అడిగాడు. "ఇది నాకు గుర్తొచ్చిందా? లేక ఆయన చెప్పారు కాబట్టి వచ్చిందా?"

రొట్టె చర్చి మలుపులో విరిచేవాడినని అంతకుముందు ఆయనే చెప్పాడు. ఇప్పుడు రాయి మీద అంటున్నాడు.

"బండ ఉంటె బాట సక్కగ వోదు. జనం నిలవడాలె గద, ఒంపు తిరుగుతది" అన్నాడు మేస్త్రి.

రాయి గీశాను. బాటను దాని చుట్టూ వంచాను. మిగతా గీతలన్నీ ఆ వంపును బట్టి జరిపాను. గీత వచ్చి పొయ్యి దగ్గర కలిసింది.

నేను మళ్ళీ సరిచూశాను. తాత సరిచూశాడు. కలిసింది. భాయ్ ఒక్కడే నమ్మనట్టు మొహం పెట్టి, "ఫ్రాన్స్ మే భీ తుమారా పత్థర్?" అన్నాడు.

ఆఫీసులో ప్రింటు మిషను అమోనియా వాసన కళ్ళు మండిస్తుండగా రెండు ప్రింట్లు తీశాను. ఒకటి తాత గొట్టంలో చుట్టి పట్టుకెళ్ళాడు. రెండోది మేస్త్రి అడిగి తీసుకుని, మంచం పైన గోడకు మైదా అంబలితో అంటించాడు. ఎండలు ముదిరాయి. కొత్తగా వచ్చిన కూలీలు ఆ కాగితం చూసి అడిగేవారు.

"గిదేంది మేస్త్రీ?"

"మా ఊరు."

"గీ గంటేంది, గుడి మీద?"

"గది తాతది."

తాత సెలవు నుంచి తిరిగి వచ్చిన మొదటి శుక్రవారమే మా గడపలో నిలబడ్డాడు. చేతిలో ఒక సంచి, ఎండబెట్టిన ఏవో గింజలు. వాళ్ళ ఊరి చెట్లవి కావు, ఆ పైకొండవట. భాయ్ ఉడకబెట్టాడు. "గెనుసుగడ్డ లెక్కనే ఉన్నయి" అన్నాడు మేస్త్రి. తర్వాత అడగాల్సింది అడిగాడు. "అమ్మ సూసిందా?"

మొదటి రోజు ఆమె కాగితం తోసేసిందట. రెండో రోజు సాయంత్రం కోటు వేసుకుని నిలబడినప్పుడు, తాత కాగితం పరిచి ఆమె వేలు పట్టుకుని పొయ్యి మీద పెట్టాడు. వేలు దానంతట అదే కదిలింది. ఉతికే చోటు దాటింది. చర్చి దాటింది. ఇంటి దగ్గర ఆగుతుందని ఆయన అనుకున్నాడు. ఆగలేదు. ఇల్లు దాటి, బాట పట్టి, రాయి దగ్గర ఆగింది. అప్పుడామె ఒక పేరు పిలిచింది. తాత తండ్రి పేరు. ఆయన పోయేనాటికి తాత చంటివాడు. ఆమె నోట ఆ పేరు తాత ఎన్నడూ వినలేదు. ఏడుస్తూ కాదట, అన్నానికి పిలిచినట్టు పిలిచిందట. పిలిచి, కోటు విప్పి మంచం మీద పెట్టి కూర్చుందట.

"ఆ తర్వాత?" అన్నాను.

"మర్నాడు మళ్ళీ కోటు వేసుకుంది."

తాత నావైపు తిరిగాడు. "నువ్వు గీసినవాడివి. నీకు తెలియాలి. ఆ రాయి నాదా, ఆయనదా?"

అసలు కాగితం ట్రంకులోంచి తీసి వెలుతురుకు పట్టాను. ఆ వంపు దగ్గర బ్లేడుతో గీకి గీకి కాగితం ఉల్లిపొర అయింది. రాయి కింద ఏదో పాత గీత ఆనవాలు ఉంది. అది అంతకుముందు ఆయన చెప్పగా నేను గీసి చెరిపిన రాయో, తప్పిన బాటో తెలియలేదు. తెలియలేదని చెప్పాను.

మేస్త్రికి ఆ సంగతి పట్టలేదు.

"పెండ్లామే పిలిచిందా?" అన్నాడు. "ఎన్నిసార్లు?"

అడిగాను. తాత తికమకపడ్డాడు. "ఒకసారే అనుకుంటాను. ఆమె మొహం చూస్తున్నాను, వినలేదు సరిగ్గా."

"ఒక్కసారికి సాలదు. మూడుసార్లు పిలువాలె. మల్ల వోయినప్పుడు చెప్పుమను."

నేను నవ్వు ఆపుకుంటూ ఇంగ్లీషులోకి మార్చాను. తాత నవ్వలేదు. అర్థమైందన్నట్టు తల ఊపి, మేస్త్రి భుజం మీద చెయ్యి వేశాడు. తర్వాతి సెలవుకు వెళ్ళిన మనిషి మళ్ళీ రాలేదు. ఆయన స్థానంలో ఇంకో సర్వేయరు వచ్చాడు. చెప్పాడో లేదో, ఆమె పిలిచిందో లేదో మాకు తెలియలేదు. మేస్త్రి ఇంటికి పోయే రోజున గోడ మీది కాగితాన్ని తడిపి, చిరగకుండా ఊడదీసి, చొక్కా మడతల్లో పెట్టుకున్నాడు. అసలు కాగితం నా దగ్గరే ఉండేది. ఏ ఇల్లు మారినప్పుడో, ఏ చెదలకో పోయింది.

"మీదే ఊరు?" అని ఎవరైనా అడిగితే ఇప్పటికీ నాకు మొదట గుర్తొచ్చేవి ఊరందరి పొయ్యి, గంట గోపురం, గొల్లవాళ్ళ మంద ఆగే చోటు. నోటితో మాత్రం ఏదో స్టేషను పేరు చెప్తాను.

డబ్బా మూత మీద పొయ్యి దొరకలేదు. భూతద్దం బాట వెంట జరిపాను. చర్చి దాటాక బాట నిజంగానే వంపు తిరిగింది. ఆ వంపులో గోరంత బూడిదరంగు మచ్చ ఉంది. రాయి కావచ్చు, అచ్చులో లోపం కావచ్చు, మా పిల్లలు గీకిన గీత కావచ్చు. వేలు పెట్టి చూశాను. రేకు చల్లగా తగిలింది. వేలు అక్కడే ఆగింది. తాత పేరూ మేస్త్రి పేరూ, రెండూ నోటిదాకా వచ్చాయి. ముందు ఎవరిని పిలవాలో తేలలేదు.